పాత కారుకు కొత్త గొంతు

విజ్ఞాన వీచిక

'కొత్త ఒక వింత, పాత ఒక రోత' అని మన పెద్దలు సెలవిచ్చారు. పాతకార్ల అభిమానుల విషయంలో మాత్రం ఈ సామెత తలక్రిందులవుతుంది. వారికి పాతదే వింత. ఆ పాతదానిలో కొత్త సౌకర్యాన్ని ఇమడ్చబోయినప్పుడే చిక్కులు ఎదురవుతాయి. అటువంటి ఒక ప్రయత్నంలో నేను చేయి కాల్చుకున్న ఉదంతాన్ని ఈ మాసం పాఠక మిత్రులకు నివేదిస్తున్నాను.

1993లో శిక్షణ నిమిత్తం ఇంగ్లండులోని బర్మింగ్‌హామ్ నగరంలో కొన్ని మాసాలు ఉన్నాను. నేను అద్దెకున్న ఇంటి యజమాని 30 సంవత్సరాలు ఒక ప్రెస్ షాపులో పనిచేసి విశ్రాంతి తీసుకుంటున్న పెద్దమనిషి. ఆయన వద్ద 1965 నాటి ఎం.జి.బి. కారు ఉండేది. 1962 నుండి 1980 వరకు తయారైన ఈ శ్రేణిలో ఆయనది పైకప్పును మడిచి వెనక్కి దించుకునే కన్వర్టిబుల్. అందులోని పాత రేడియోకు మూలుగే తప్ప పలుకు లేదు. రేడియోతో కూడిన క్యాసెట్ ప్లేయరు, బాగా గట్టిగా వినిపించే స్పీకర్లు అమర్చాలని ఆయన కోరిక. నేను ఎలక్ట్రికల్ మెయింటెనెన్సు మనిషినని తెలిసి, ఆ పని నాకు అప్పగించారు.

మొదటి చిక్కు ఎర్త్‌తోనే వచ్చింది. నేటి కార్లలో బ్యాటరీ నెగటివ్ కొస కారు బాడీకి కలిసి ఉంటుంది. ఆ కారులో పాజిటివ్ కొస బాడీకి కలిసి ఉంది. ప్లేయరేమో నెగటివ్ ఎర్త్‌కు తయారైనది. దాని డబ్బా బాడీకి తగలకుండా చెక్క పలకపై బిగించి, తీగలను తారుమారు చేస్తే చాలుననుకున్నాను. ఏరియల్ సంగతి మరిచాను. ఏరియల్ తీగ చుట్టూ ఉండే లోహపు అల్లిక ఒకవైపు ప్లేయరు డబ్బాకు, మరొకవైపు కారు బాడీకి తగులుతుంది. జాక్ దోపగానే షార్ట్ సర్క్యూట్! పైగా ఫ్యూజు తరువాత పెడదామని వాయిదా వేసి ఉన్నాను. క్షణాలలో డాష్‌బోర్డు క్రింద పొగ కమ్ముకుంది. సీట్ల వెనుక బ్యాటరీ మూత తెరిచి ఉండటం వల్ల పెద్దాయన తీగను లాగివేయగలిగారు. లేకుంటే ఆయన అపురూపంగా చూసుకునే కారు నా చేతుల మీదుగానే దగ్ధమయ్యేది. ప్లాంటులో పర్మిట్ లేనిదే స్విచ్ ముట్టని నేను, ఆ రాత్రి సిగ్గుతో నిద్రపోలేదు.

మరునాడు పని కాగితం మీద మొదలుపెట్టాను. బ్యాటరీ కొసలను మార్చాము. డైనమో ఫీల్డు టెర్మినల్‌కు బ్యాటరీ తీగను క్షణకాలం తాకించి, దాని ధ్రువత్వాన్ని మార్చాము. ఇగ్నిషన్ కాయిల్ తీగలను, ఇంజను వేగాన్ని చూపే మీటరు తీగలను కూడా సవరించాము. ప్లేయరుకు పోయే తీగకు బ్యాటరీ ప్రక్కనే ఫ్యూజు పెట్టాము.

తరువాతది ఆదాయవ్యయాల లెక్క. ఆ డైనమో ఇవ్వగలిగినది గరిష్ఠంగా 22 ఆంపియర్లు. వానపడే రాత్రి హెడ్‌లైట్లు, వైపర్లు, హీటరు ఫ్యాను, ఇగ్నిషన్ కలిసి అందులో అధికభాగాన్ని తినివేస్తాయి. సిగ్నల్ వద్ద ఇంజను నెమ్మదిగా తిరుగుతున్నప్పుడు డైనమో నుండి వచ్చేది దాదాపు శూన్యం. పెద్దాయన ముచ్చటపడిన 200 వాట్ల యాంప్లిఫయరు, ఆనాటి రకం, పూర్తి శక్తితో పలికితే సుమారు 30 ఆంపియర్లు కోరుతుంది. 22 సంపాదించి 30 ఖర్చుపెట్టే సంసారం ఎన్నాళ్ళు సాగుతుంది?

సరే, బ్యాటరీ సంగతి అటుంచుదాము. చెవుల సంగతి? కప్పు దించిన కారు హైవే మీద పరుగిడుతుంటే గాలిహోరే 85 డెసిబెల్స్ దాటవచ్చు. దానిని మించి పాట వినబడాలంటే ధ్వని 95కు చేరవలసిందే. మన ఫ్యాక్టరీ నిబంధనల ప్రకారం 90 డెసిబెల్స్‌లో 8 గంటలు, 95లో 4 గంటలు, 100లో 2 గంటలు మించి పనిచేయరాదన్న సంగతి పాఠకులకు తెలిసినదే. పైగా, శక్తిని రెట్టింపు చేసినా పెరిగేది 3 డెసిబెల్స్ మాత్రమే. మూసిన కారులో గోడలు, కప్పు కలిసి మంద్రస్వరాలకు బలాన్నిస్తాయి. కప్పు తీస్తే ఆ బలం ఆకాశంలో కలిసిపోతుంది.

ఈ లెక్క చెప్పగా పెద్దాయన నిట్టూర్చారు. "ప్రెస్ షాపులో మేము చెవులకు ఏమీ పెట్టుకునేవాళ్ళం కాము. గట్టిగా పెడితే గాని నాకు వినబడదు" అన్నారు. ప్రక్కనున్న ఆయన భార్య నెమ్మదిగా అన్నది: "మీ చెవులు షాపుకు ఇచ్చేశారు. నావి నాకుండనివ్వండి."

పరిష్కారం ఆ మాటలోనే దొరికింది. ఆరుబయట దూరం సగమైతే ధ్వని 6 డెసిబెల్స్ పెరుగుతుంది. కనుక శక్తి పెంచడం కాక, స్పీకరును చెవికి దగ్గర చేయాలి. జపానుకు చెందిన మాజ్దా సంస్థ 1989లో విడుదల చేసిన మియాటా కారులో, తల ఆనించే దిండులోనే స్పీకర్లు అమర్చే ఏర్పాటు ఉండేది. మా కారులో ఆ దిండ్లు లేవు. అందువల్ల సీట్ల వెనుకనున్న అరుగు మీద రెండు చిన్న స్పీకరు పెట్టెలను పట్టీలతో బిగించాము. జల్లుకు కాగితపు కోను ఉబ్బుతుంది కనుక ప్లాస్టిక్ కోను గలవి ఎంచుకున్నాము. పెద్దాయన వైపు పెట్టెను ఆయన చెవికి మరింత చేరువగా జరిపాము. పాత రేడియో ముఖం అలాగే ఉంచి, ప్లేయరును దాని క్రింద చెక్కపెట్టెలో వ్రేలాడదీశాము. డాష్‌బోర్డుకు ఒక్క రంధ్రం కూడా వేయలేదు. ఊరి దారుల్లో పాట, హైవే మీద గాలిహోరు అని దంపతులిద్దరూ ఒప్పందానికి వచ్చారు.

నేడు క్లాస్-డి యాంప్లిఫయర్లు తక్కువ విద్యుత్తుతోనే పలుకుతున్నాయి. బ్లూటూత్ రిసీవరును ఎవరికీ కనబడకుండా దాచవచ్చు. అయినా క్రమం మారలేదు: ముందు కొలత, పిదప ఫ్యూజు, ఆ తరువాతనే పాట. చేసిన మార్పును ఎప్పుడైనా విప్పి, కారును మునుపటిలా నిలుపగలగాలి.

కాలిన తీగను మార్చవచ్చు, డైనమోను తిరిగి చుట్టించవచ్చు. చెవిలోని సూక్ష్మ కణాలు నశిస్తే మరల మొలవవు. రేపు షిఫ్టుకు వెళ్ళేటప్పుడు ఇయర్ ప్లగ్గులు మరువకండి. సాయంత్రం ఇంటిలో పిల్లల పాట వినవలసిన చెవులు అవే.