ఓడకు తళుకెందుకు?

మన హాల్లో పెట్టబోయే కోరంగి తెరచాప ఓడ నమూనాకు నిగనిగలాడే ఎనామెల్ పెయింటు వేద్దామని కొందరంటున్నారు. మేము ఒప్పుకోం. యానాం పక్కనున్న కోరంగిలో కట్టినవి సరుకు మోసే ఓడలు, ఊరేగింపు రథాలు కావు. మన దేశపు చెక్క ఓడలకు పురుగు తొలచకుండా అడుగుభాగాన సున్నం, నూనె కలిపి పూసేవారు. అందులో మెరుపెక్కడిది? పైగా ఓడను 50వ వంతుకు కుదిస్తే మెరుపు కుదించుకుపోదు. గాజుపెట్టెలో ఆటబొమ్మలా కనబడుతుంది. నీటిగీత కింద మాసిన తెలుపు, పైన చెక్కరంగు, మొత్తం మీద పలచగా మ్యాట్ వార్నిష్ చాలు. 1839 తుపాను ఆ రేవును ముంచేసింది. తెలుగు చదవడం రాని మన పిల్లలు మనవాళ్ళ పనితనాన్ని ఈ నమూనాలోనే చూడాలి. డబ్బాలు కొనకముందే మీ మాట చెప్పండి.