పేరు ఎవరిది? పండుగ ఎవరిది?

ఏటా ఆగస్టు మొదట్లో కెనడాలోని టొరంటో నగరం రంగుల్లో మునిగిపోతుంది. ఈకల కిరీటాలు, తళుకుల దుస్తులు ధరించిన వేలాదిమంది కెలిప్సో, సోకా పాటలకు ఆడుతూ వీధుల్లో ఊరేగుతారు. కరీబియన్ దీవుల నుంచి వలస వచ్చినవారు పెంచుకున్న ఈ పండుగ పేరు 'కారిబానా'. 2011లో నిర్వాహకుల బ్యానర్ల మీద నుంచి ఆ పేరు దిగిపోయింది.

కెనడా సమాఖ్యకు నూరేళ్లు నిండిన 1967లో, కొత్త దేశానికి తమ కానుకగా వారు ఈ వేడుకను మొదలుపెట్టారు. దీని మూలం ట్రినిడాడ్ కార్నివాల్. బానిసత్వం నుంచి విడుదలైనవారు దాన్ని తమ పండుగగా చేసుకున్నారు. 1881లో పోలీసులు అడ్డుపడితే పోర్ట్ ఆఫ్ స్పెయిన్ వీధుల్లో జనం ఎదురుతిరిగారు. డోళ్లు వాయించరాదంటే వెదురు బొంగులు అందుకున్నారు. ఆ తర్వాతి తరాలు నూనె పీపాల నుంచి స్టీల్‌పాన్ అనే వాద్యాన్నే సృష్టించాయి.

అలాంటి పండుగకు పేరు ఎలా పోయింది? లెక్కల విషయంలో పేచీ వచ్చి 2006లో నగరపాలక సంస్థ పాత సంఘానికి నిధులు ఆపింది. నిర్వహణ కొత్త కమిటీ చేతికి వెళ్లింది. ఒక పెద్ద బ్యాంకు ప్రధాన దాతగా వచ్చింది. పేరు మీద హక్కు పాత సంఘం వారిదేనని 2011లో కోర్టు తేల్చింది. దాంతో కొత్త కమిటీ ఆ పేరు వదిలి, బ్యాంకు పేరు ముందు చేర్చి 'కరీబియన్ కార్నివాల్' అని పెట్టుకుంది. ఒకరికి పేరు మిగిలింది, మరొకరికి ఊరేగింపు మిగిలింది. తాము కని పెంచిన పండుగకు దాత పేరేమిటని ఆ సమాజంలో చాలామంది నొచ్చుకున్నారు. ఆ బాధ న్యాయమైనదే. అయితే ఇల్లు చక్కబెట్టుకోకపోతే పెత్తనం పొరుగువారికి పోతుందన్నదీ నిజమే.

ఈ కథ మనకు దూరపుది కాదు. పంతొమ్మిదో శతాబ్దంలో మద్రాసు రేవు నుంచి ఓడలెక్కి ఆ దీవుల చెరకు తోటలకు వెళ్లిన కూలీల్లో తమిళులతోపాటు తెలుగువారూ ఉన్నారు. అక్కడ అందరినీ కలిపి 'మద్రాసీలు' అన్నారు. ఆ ఒక్క మాట కింద 'తెలుగు' అన్న పేరు మరుగునపడింది. పేరు పోతే ఏం పోతుందో చెప్పడానికి ఇంతకంటే నిదర్శనం అక్కర్లేదు.

భాషాపరమైన అల్పసంఖ్యాకులు తమకు నచ్చిన విద్యాసంస్థలు స్థాపించి నడుపుకొనే హక్కును రాజ్యాంగం 30వ అధికరణం ఇచ్చింది. ఆ హక్కు నిలవాలంటే మన సంఘాల రిజిస్ట్రేషన్, స్థలం పత్రాలు, ఏటేటా ఆడిట్ లెక్కలు సరిగ్గా ఉండాలి. దాత ఇచ్చిన గదికి దాత పేరు పెడదాం, కృతజ్ఞత చూపుదాం. బడి పేరు మాత్రం బడిదిగానే ఉండనిద్దాం.

టొరంటోలో మాత్రం బ్యానర్ మారినా జనం నోట ఇప్పటికీ 'కారిబానా' అనే మాటే వినిపిస్తుంది. పత్రాలు పేరుకు కంచె వేస్తాయి, దానికి ఊపిరి పోసేది పలికే నోళ్లే. మన పిల్లలు తమ బడి పేరును తెలుగులో రాయగలిగినంత కాలం, ఆ పేరు మనదే.