చెప్పకుండానే చెప్పడం
ప్రాచీన చైనా కవిత్వం పొడిపొడిగా ఉంటుంది, గుండెను తాకదు అనే విమర్శను నేను ఒప్పుకోను. 757లో తిరుగుబాటుదారుల గుప్పిట్లో ఉన్న చాంగాన్ నగరంలో చిక్కుపడి దు ఫు రాసిన 40 అక్షరాల పద్యం, నెరిసిన జుట్టు సిగపుల్ల నిలవనంతగా పలచబడిందన్న మాటతో ఆగుతుంది. రాజ్యం కూలిన దిగులు, ఇంటి బెంగ, ముంచుకొస్తున్న ముసలితనం అన్నీ ఆ సిగలోనే ఉన్నాయి. చైనా వాళ్లకది చెల్లుతుంది గానీ తెలుగు మనసుకు దుఃఖం బాహాటంగా ఉండాలనే వాళ్లున్నారు. గురజాడ రాసిన ‘పూర్ణమ్మ’ చూడండి. ముసలివాడికి కట్టబెట్టిన పిల్ల దుర్గ గుడికి వెళ్లి ఇంటికి రాదు. ఆమె అందాలు పూలకూ పక్షులకూ చేరాయంటాడే తప్ప చనిపోయిందనడు. కాసుకు లొంగిన కన్నవాళ్ల మీద ఆయన కోపం నేరుగానే పలికింది, నిజమే. శోకాన్ని మాత్రం పాఠకుడికే వదిలాడు.