సజీవ చేపల విక్రయం: గాలి పంపు ఒక్కటే చాలదు

మృగశిర కార్తె సమీపించగానే హైదరాబాదు తూర్పున ఉన్న ఉప్పల్, నాచారం ప్రాంతాలలోనూ బతికున్న చేపలకు గిరాకీ పెరుగుతుంది. తొట్టిలో చేప చనిపోతే ధర పడిపోతుంది; ఆ నష్టం చిన్న విక్రేతదే. దీనికి గాలి పంపు ఒక్కటే పరిష్కారమన్న భావన సరికాదు.

20 డిగ్రీల సెల్సియస్ వద్ద లీటరు నీటిలో సుమారు 9 మిల్లీగ్రాముల ప్రాణవాయువు కరుగుతుంది. 30 డిగ్రీల వద్ద అది 7.5కు తగ్గుతుంది. అదే సమయంలో చేపకు ప్రాణవాయువు అవసరం పెరుగుతుంది. నీటిలో చేరే అమ్మోనియా విషప్రభావమూ హెచ్చుతుంది. పంపు గాలిని అందించగలదు గాని అమ్మోనియాను నివారించలేదు. కనుక తొట్టిని నీడన ఉంచడం, చేపల సంఖ్యను తగ్గించడం, నీటిని మార్చడం, రవాణాకు ఒక రోజు ముందు మేత ఆపడం అవసరం. కుళాయి నీటిలోని క్లోరిన్ మొప్పలకు హానికరం. ఆ నీటిని నేరుగా పోయరాదు.

బొచ్చె, రోహు చేపలు నీటిలో కరిగిన ప్రాణవాయువుపైనే ఆధారపడతాయి. 2016లో తెలంగాణ రాష్ట్ర చేపగా ప్రకటితమైన కొర్రమీను మాత్రం నీటిపైకి వచ్చి గాలి పీల్చుకోవాలి. తొట్టిని అంచుదాకా నింపి మూత బిగిస్తే అది ఊపిరాడక చనిపోతుంది. రెండింటికీ ఒకే పద్ధతి అశాస్త్రీయం.

మత్స్య విస్తరణ సిబ్బంది చెరువు గట్టు వద్దనే ఆగక, వేసవికి ముందే విక్రేతలకు ఈ భేదాన్ని వివరించాలి. అమ్ముడయ్యేవరకు చేప ప్రాణం నిలపడం కూడా మత్స్య ఉత్పత్తిలో భాగమే.