పోలీసు జట్టు నుంచి ద్రోణాచార్య వరకు

ఆసియా క్రీడల ఫుట్‌బాల్‌లో భారతదేశం చివరిసారి పతకం తెచ్చింది 1970లో, బ్యాంకాక్‌లో. జపాన్‌ను 1-0 తేడాతో ఓడించి కాంస్యం గెలిచిన ఆ జట్టు నాయకుడు హైదరాబాదు బిడ్డ సయ్యద్ నయీముద్దీన్. ఆ ఏడే ఆయనకు అర్జున అవార్డు లభించింది.

ఆయన ఆట మొదలైంది హైదరాబాదు సిటీ పోలీసు జట్టులో. 1950 నుంచి 1954 వరకు వరుసగా అయిదుసార్లు బొంబాయి రోవర్స్ కప్పును గెలుచుకొచ్చిన జట్టు అది. దాన్ని తీర్చిదిద్దిన ఎస్.ఎ. రహీం ఒక బడిపంతులు. భారత జట్టును 1951లోనూ, 1962లోనూ ఆసియా విజేతగా నిలిపింది కూడా ఆ పంతులే. 1963లో ఆయన కన్నుమూశారు. తర్వాతి కాలంలో మంచి ఆటగాళ్లు ఒక్కరొక్కరే కలకత్తా బాట పట్టారు. నయీముద్దీన్ కూడా అక్కడి ఈస్ట్ బెంగాల్, మోహన్ బగాన్, మహమ్మడన్ స్పోర్టింగ్ మూడింటికీ ఆడారు. కొడుకు పట్నం పోతే ఇల్లు గడుస్తుంది గాని, ఊళ్లో పొలం బీడు పడుతుంది. హైదరాబాదు ఫుట్‌బాల్‌కు జరిగిందీ అదే.

ఆట మానిన తర్వాత ఆయన ఊరుకోలేదు. ఈల పట్టుకుని మళ్లీ మైదానంలోకి దిగారు. 1990లో ఆయన శిక్షణలో ఈస్ట్ బెంగాల్ ఐ.ఎఫ్.ఎ. షీల్డ్, డ్యూరాండ్, రోవర్స్ కప్పులు మూడూ ఒకే ఏట గెలిచింది. ఆ సంవత్సరపు ద్రోణాచార్య అవార్డు ఆయనదే. అర్జునుడి పేరు మీద ఒకటి, ద్రోణుడి పేరు మీద ఒకటి! కసరత్తు, క్రమశిక్షణల దగ్గర ఆయన రాజీపడేవారు కారు. అది రుచించని ఆటగాళ్లూ లేకపోలేదు. అయినా ఆయన శిక్షణలో భారత జట్టు 1997లో కాఠ్మాండులో, 2005లో కరాచీలో దక్షిణాసియా కప్పు గెలిచింది.

ఇంతటి గురువుకు కూడా జాతీయ జట్టు పగ్గాలు నిలకడగా అప్పగించలేదు. పిలవడం, పంపేయడం, మళ్లీ పిలవడం. 2006లో ఇంగ్లండుకు చెందిన బాబ్ హాటన్ వచ్చారు. ఏటా కౌలుదారును మారిస్తే మడికి ఎరువు తోలేదెవరు?

పల్లెల్లో పరిస్థితి మరీ అన్యాయం. డ్రిల్లు మాస్టారు లేని బడిలో కొన్న బంతి గాలి పోయి బీరువాలోనే ఉంటుంది. పోలీసు, రైల్వే జట్లలో ఆడి రిటైరై సొంత ఊరు చేరినవారు ఉన్నచోట, వారిని సాయంత్రం పూట బడి మైదానానికి పిలవడానికి హెడ్మాస్టర్లు చొరవ చూపాలి. వారికి నెలకింత గౌరవవేతనం చెల్లించేందుకు జిల్లా పరిషత్తు వచ్చే బడ్జెట్టులోనే పైకం కేటాయించాలి.