మత్తునకు విరుగుడు

దురలవాటును మాన్పుటకు శాసనమొక్కటి చాలునని కొందరి యభిప్రాయము. దుకాణములు మూయించి, అమ్మువానిని శిక్షించినచో త్రాగువాడు తానే మానునని వారందురు. శాసనము అవసరమే. ఔషధములకు దక్క మత్తు పానీయముల వాడుకను నిషేధించుటకు ప్రభుత్వము కృషి చేయవలెనని మన రాజ్యాంగమందలి 47వ అధికరణము నిర్దేశించుచున్నది. కాని శాసనము అంగడి తలుపునకు తాళము వేయగలదు గాని మనుజుని కోరికకు వేయజాలదు. ఆ పని విద్యవలననే కావలెను. ఇందులకు తెలుగునాట జరిగిన యొక యుద్యమమే నిదర్శనము.

నెల్లూరు జిల్లాలో దూబగుంట యను గ్రామము కలదు. 1991వ సంవత్సరమున ఆ జిల్లాలో సంపూర్ణ అక్షరాస్యతా కార్యక్రమము ప్రారంభమయ్యెను. పగలెల్ల కష్టించిన స్త్రీలు రాత్రి బడులలో పలక పట్టి అక్షరములు దిద్దుకొనిరి. సారావలన చితికిన సంసారముల ప్రసక్తి వారి పాఠములలో నుండెను. ఆ కథలలో వారు తమ కథనే చూచుకొనిరి. ఇంటికి చేరవలసిన కూలి డబ్బు ఎచటికి పోవుచున్నదో విచారించుకొనిరి. రోశమ్మ మొదలైన స్త్రీలు ఏకమై తమ యూరిలో సారా యమ్మకమును ఆపించిరి. ఆ వృత్తాంతము తరువాతి వాచకములో పాఠమయ్యెను. దానిని చదివిన పొరుగూళ్ల స్త్రీలును కదలిరి. 1992లో ఆ కదలిక జిల్లా యంతటను, పిదప రాష్ట్రమంతటను వ్యాపించెను. 1993 అక్టోబరు 1వ తేదీనుండి ఆంధ్రప్రదేశ్‌లో సారా నిషేధింపబడెను. 1995లో సంపూర్ణ మద్యనిషేధము వచ్చెను; 1997లో అది సడలింపబడెను.

ఈ చరిత్రమునుండి మనము గ్రహింపవలసినవి రెండు కలవు. శాసనము ఒకప్పుడు వచ్చి మరియొకప్పుడు పోవచ్చును. చదువువలన కలిగిన వివేకమును మాత్రమెవరును రద్దు చేయజాలరు. ఇది మొదటిది. తలవ్రాతయని సహించిన దానిని ఆ స్త్రీలు చదువుకొన్న పిదప ప్రశ్నింపదగిన విషయముగా చూచిరి. ఇది రెండవది.

నేటి యువకునకును ఈ ప్రశ్నించు శక్తియే రక్ష. అతనికి మొదటి గ్లాసునో, గంజాయి బీడీనో అందించువాడు తరచుగా శత్రువు కాడు, స్నేహితుడే. “ఒక్కసారికేమి?” అనును, వలదన్నచో పిరికివాడని యెగతాళి చేయును. అట్టి వేళ పోలీసువాడు దగ్గర నుండడు, తల్లిదండ్రులు నుండరు. తాను నేర్చినదే తనకు తోడు.

బాలురకు ఇట్టి సంగతులు చెప్పినచో లేని కుతూహలము పుట్టునని కొందరు పెద్దలు శంకింతురు. మనము మౌనము వహించినంతమాత్రమున బాలురు అజ్ఞానులై యుండరు. మనము చెప్పనిదానిని మత్తు నమ్ముకొనువాడు తనకు లాభించురీతిగా చెప్పును. అట్లని భయపెట్టు ఉపన్యాసములు చాలవు, ఉన్నదున్నట్లు చెప్పవలెను. మద్యము రక్తములో కలిసి మెదడును చేరి యుక్తాయుక్త జ్ఞానమును మందగింపజేయును. ఇరువదియేండ్లు దాటిన తరువాతను మనుజుని మెదడు ఎదుగుచునే యుండును. కావున లేతవయస్సున పట్టిన మత్తు ఎక్కువ కీడు చేయును. ఈ సంగతులు శాస్త్రపాఠముగా బోధింపవలెను. త్రాగుడు పాలైన కూలి యెన్ని దినముల గ్రాసమగునో గణితపాఠముగా లెక్కింపజేయవలెను. స్నేహము చెడకుండ “వద్దు” అను విధమును తరగతిలోనే అభ్యసింపజేయవలెను. వ్యసనమున చిక్కినవాడు రోగియేగాని హాస్యపాత్రుడు కాడనియు, చికిత్సవలన కోలుకొనగలడనియు తెలుపవలెను.

మొక్కై వంగనిది మానై వంగదని మన పెద్దల మాట. పలక పట్టిన కొలది నెలలలో దూబగుంట స్త్రీలు సారాయంగడి నెదిరింపగలిగిరి. పదియేండ్లు బడిలో చదివినవాడు ఒక్క స్నేహితునికి “వద్దు” అని చెప్పలేకపోయినచో, లోపము వానియందు మాత్రమే కాదు, మన చదువునందును కలదు.