చందుపట్ల శిలాసాక్ష్యము

మిర్యాలగూడ ప్రాంతమున ఒక గృహస్థు తన ముత్తాత ఏ యేట గతించెనో తెలిసికొనగోరినచో, దొరకిన సాక్ష్యములు ఒకదానితో నొకటి పొసగవు. ఆబ్దికమునకై తిథి ఇంట నిలిచియుండును, సంవత్సరము మరుగుపడును. పెద్దలు సంవత్సరనామము చెప్పినను, అది 60 ఏండ్ల కొకమారు మరల వచ్చును. నిజాము కాలపు విరాసత్ కాగితమున ఫసలీ సంవత్సరముండును. కాని అది పట్టా మారిన నాటిదే, ప్రాణము పోయిన నాటిది కాదు.

ఐర్లండులో 1922 జూన్ 30న డబ్లిన్ నగరపు ప్రభుత్వ పత్రభాండాగారము తగులబడగా, పూర్వుల జాడకై అనేక కుటుంబములకు సమాధిశిలలే దిక్కయినవి. మనకును శిలయే దిక్కయిన సందర్భమొకటి ఈ నల్లగొండ జిల్లాలోనే కలదు.

రాణి రుద్రమదేవి గణపతిదేవుని భార్య యని ఏకామ్రనాథుని ప్రతాపరుద్ర చరిత్రము చెప్పును. వెనిసు యాత్రికుడు మార్కోపోలో సైతము ఆమెను రాజుగారి వితంతువుగనే వర్ణించెను. 1261 నాటి మల్కాపుర శాసనము ఆమె కుమార్తె యని తేల్చినది. మరణ విషయమునను ఇట్టి చిక్కే. ఆమె 1295 ప్రాంతము వరకు ఏలెనని చరిత్రకారులు చిరకాలము తలచిరి.

నకిరేకల్ చెంతనున్న చందుపట్ల శాసనము ఆ లెక్కను మార్చినది. రాణియు, సేనాని మల్లికార్జున నాయకుడును శివలోకమున కేగిరనియు, వారి పుణ్యమునకై పువ్వుల ముమ్మడి సోమనాథదేవునకు భూమి నిచ్చెననియు అది తెలుపుచున్నది. కాలము శక 1211, విరోధి, మార్గశిర శుద్ధ ద్వాదశి. అనగా 1289 నవంబరు 27. ఇది దాన దినమే, మరణ దినము కాదు. కాయస్థ అంబదేవునితోడి పోరులో ఆమె కూలెననుట పండితుల ఊహ. శిల ఆ మాట పలుకదు. శిల పలికినంతయే గ్రహించుట సత్యాన్వేషికి ధర్మము.

మహారాణి మరణమునకు సాక్షిగ నిలిచినది ఆస్థానకవి కావ్యము కాదు, ఒక సేనాని యనుచరుని కృతజ్ఞత. శతాబ్దుల తరువాతి గ్రంథముకంటె, దుఃఖము ఆరకమునుపు చెక్కిన నాలుగు పంక్తులు బలవత్తరములు. కావున ఊరి గుడి ముంగిట పడియున్న రాతికి సున్నము పూయుటకును, దానిని మెట్టుగా పరచుటకును ముందు, దానిపై అక్షరములున్నవేమో చూడవలెను. ఇంట పెద్దలు గతించినపుడు తిథితోపాటు సంవత్సరమును, స్థలమును వ్రాసియుంచవలెను. ముమ్మడి తన యేలికలకు చేసిన పాటి యుపకారము మనము మన తాతముత్తాతలకు చేయలేమా?